మా బండికి ఒక్క పన్ను చాలు

ఇద్దరు రవాణా మంత్రులకు భద్రాచలం నుంచి బహిరంగ లేఖ

తెలంగాణ రవాణా శాఖ మంత్రి శ్రీ పొన్నం ప్రభాకర్ గారికి,
ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ మంత్రి శ్రీ మండిపల్లి రాంప్రసాద్ రెడ్డి గారికి,



మీ ఇద్దరికీ ఒకే ఉత్తరం రాస్తున్నాను. విడివిడిగా రాస్తే ఏమవుతుందో మాకు అనుభవమే. ఇది ఆంధ్రావాళ్ళు తేల్చాల్సిన పని అని హైదరాబాద్‌లో అంటారు, తెలంగాణ ఒప్పుకోవాలి గదా అని అమరావతిలో అంటారు. 2014 నుంచి మా సరిహద్దు ఊళ్ళ కాగితాలన్నీ ఈ రెండు మాటల మధ్యే నలుగుతున్నాయి. అందుకే ఒక్క కాగితం మీద రెండు పేర్లు రాశాను. దయచేసి ఇద్దరూ కలిసి చదవండి.

నేను బడిపంతులుగా పనిచేసి రిటైరై భద్రాచలంలో ఉంటున్నాను. ఏజెన్సీ ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు దరఖాస్తులు రాసిపెడుతుంటాను. కులం సర్టిఫికెట్లు, పట్టా కాగితాలు, ఆసుపత్రి బిల్లులు, ఏవైనా సరే. ఈమధ్య ఎక్కువగా వస్తున్నవి బండి కాగితాలు. వాటి గురించే ఈ ఉత్తరం.

ముందు మా రోడ్డు చూపిస్తాను. భద్రాచలం నుంచి పర్ణశాలకు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం. రాములవారి దర్శనం చేసుకున్నవాళ్ళు చాలామంది అటు కూడా వెళ్ళొస్తారు. బయల్దేరిన ఊరు తెలంగాణ, చేరే ఊరు తెలంగాణ. కానీ ఊరు దాటి రెండు మూడు కిలోమీటర్లు పోగానే ఎటపాక వస్తుంది. అది ఆంధ్రప్రదేశ్. కాసేపు ఆంధ్రాలో నడిచి, ఆ రోడ్డే మళ్ళీ తెలంగాణలోకి వచ్చి దుమ్ముగూడెం, చర్ల వైపు సాగిపోతుంది. చర్ల నుంచి పురిటినొప్పులతో భద్రాచలం ఆసుపత్రికి వచ్చే ఆడమనిషి అదే రోడ్డున రెండుసార్లు రాష్ట్రం దాటుతుంది. బడికి పోయే పిల్లలు రోజూ దాటుతారు. రోడ్డు మధ్యలో గీత ఏమీ లేదు. అటూ ఇటూ అవే మిరప చేలు, అవే తాటిచెట్లు, ఎండాకాలం వస్తే అవే తునికాకు కట్టలు.

ఈ గీత ఎలా వచ్చిందో మీకు తెలుసు. అయినా చదివేవాళ్ళ కోసం చెప్పాలి. పోలవరం ముంపు కోసమని 2014 మే నెలాఖరులో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది, జూలైలో దాన్ని చట్టం చేసింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడు మండలంలో కొన్ని ఊళ్ళు, భద్రాచలం పట్టణాన్ని మినహాయించి భద్రాచలం మండలం మొత్తం ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. పట్టణం ఇటు మిగిలింది, దాని చుట్టూ ఉన్న పల్లెలు అటు పోయాయి. ఎటపాక, గుండాల, పురుషోత్తమపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీలవాళ్ళు తమను తిరిగి తెలంగాణలో కలపమని ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. అది మీ ఇద్దరి చేతుల్లో ఉన్న పని కాదు గనుక ఆ సంగతి ఇక్కడ ఎత్తను.

జిల్లాలు మారడం మాకు కొత్త కాదు. 1959 దాకా భద్రాచలం తూర్పుగోదావరి జిల్లాలోనే ఉండేది, ఆ తర్వాతే ఖమ్మంలో కలిసింది. భద్రాచలం చుట్టూ విడిపోయిన పల్లెలు 2014లో మళ్ళీ తూర్పుగోదావరి అయ్యాయి, 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యాయి. జిల్లా కేంద్రం మొదట ఖమ్మం, తర్వాత కాకినాడ, ఆ తర్వాత 2025 చివరిదాకా పాడేరు. ఎటపాక నుంచి పాడేరుకు రెండు వందల కిలోమీటర్ల పైమాటే, అదీ ఘాట్ రోడ్డు. అదే ఎటపాకవాడు నడిచి భద్రాచలం వచ్చి కూరగాయలు కొనుక్కుని పొయ్యి రాజేసే వేళకు ఇల్లు చేరతాడు.

ఈ మార్పులన్నీ మా బండ్ల నంబరు ప్లేట్ల మీద కనిపిస్తాయి. భద్రాచలం బస్టాండు బయట ఒక్క పది నిమిషాలు నిలబడండి. ఏపీ 20 అని పాత బండి వస్తుంది. అది ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లా నంబరు. ఆ బండి యజమానిది ఇప్పుడు తెలంగాణలోని పాల్వంచ కావచ్చు, ఆంధ్రాలోని కూనవరం కావచ్చు. ప్లేటు చూసి చెప్పలేరు. దాని వెనకే టీఎస్ 04, 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చాక టీఎస్ 28, 2024 మార్చి తర్వాత కొన్నవైతే టీజీ 28. అటునుంచి ఏపీ 05, ఏపీ 39. ఒకే ఇంట్లో అన్నది ఒక రాష్ట్రం బండి, తమ్ముడిది ఇంకో రాష్ట్రం బండి అయిన సంసారాలు మా దగ్గర చాలా ఉన్నాయి.

ఇప్పుడు అసలు బాధ. గుండాల కుర్రాడొకడు తెలంగాణలోని సారపాకలో పనికి పోతాడు. కోయపిల్లవాడు. పెళ్ళి కాకముందు భద్రాచలంలో గది అద్దెకు తీసుకుని ఉన్నాడు. ఆ అడ్రసు మీద, ఫైనాన్సులో ఎనభై వేల రూపాయల బండి కొన్నాడు. తెలంగాణలో దానికి పన్నెండు శాతం లెక్కన 9,600 రూపాయల లైఫ్ ట్యాక్స్ కట్టాడు. తర్వాత తండ్రికి జబ్బు చేస్తే గది ఖాళీ చేసి ఇంటికి వెళ్ళిపోయాడు. పని మాత్రం సారపాకలోనే. రోజూ పొద్దున గోదావరి వంతెన దాటుతాడు, రాత్రికి గుండాల చేరతాడు. ఒకరోజు కుంట ఊరికి పోతుంటే చింతూరు రోడ్డు మీద తనిఖీలో బండి ఆపారు. ఆధార్ కార్డు ఆంధ్రాది, బండి తెలంగాణది. ఏడాదికి పైగా ఇక్కడే తిరుగుతోంది గదా, నంబరు మార్పించుకో, పన్ను కట్టు అన్నారు.

ఆపినవాళ్ళు చట్టంలో లేనిది చెప్పలేదు. మోటారు వాహనాల చట్టం 1988లో 47వ సెక్షన్ ఉంది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. దానికి దారి ఇది. ముందు ఫారం 28 నింపి పాత రాష్ట్రం నుంచి ఎన్వోసీ తెచ్చుకోవాలి. ఫైనాన్సు బండి గనుక కంపెనీ ఒప్పుదల కాగితం కావాలి. బండి మీద కేసులూ చలాన్లూ ఉండకూడదు. ఆ ఎన్వోసీ పట్టుకుని కొత్త రాష్ట్రంలో ఫారం 27 ఇవ్వాలి. బండి వయసును బట్టి కొంత తగ్గించి అక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ తర్వాత మొదటి రాష్ట్రానికి తిరిగి వచ్చి, నేను ముందే కట్టిన దాంట్లో మిగతా కాలానికి వాపసు ఇవ్వండి అని దరఖాస్తు పెట్టుకోవాలి. ఇదంతా చేయడానికి ఎన్ని రోజుల కూలి పోతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఫైనాన్సు కంపెనీ వాళ్ళు కిస్తీలన్నీ తీరితేగానీ కాగితం ఇవ్వమంటే అక్కడితో దారి మూసుకుపోయినట్లే.

ఆ కుర్రాడు నా ఎదురుగా కూర్చుని, ఫారం మీద 'వాహనం ఉంచే చోటు' అనేచోట వేలు పెట్టి అడిగాడు. "సార్, నా బండి పగలు ఆ రాష్ట్రంలో ఉంటది, రాత్రి ఈ రాష్ట్రంలో ఉంటది. ఏదని రాయమంటారు?"

ఆ ప్రశ్నే మీ ఇద్దరినీ అడుగుతున్నాను. ఇది తెలివి తక్కువ ప్రశ్న కాదు. పెద్ద పెద్ద న్యాయస్థానాలు దీని మీద తర్జనభర్జన పడ్డాయి. కాకపోతే అక్కడ ప్రశ్న విమానాల గురించి వచ్చింది.

అమెరికాలో చాలా రాష్ట్రాలు కదిలే ఆస్తి మీద కూడా ఏటా ఆస్తి పన్ను వేస్తాయి. వర్జీనియాలో ఉండే మన తెలుగువాళ్ళను అడగండి. కారు రాత్రిళ్ళు మామూలుగా ఏ కౌంటీలో ఆగి ఉంటుందో ఆ కౌంటీకి ఏటా పన్ను కడతారు. సొంత విమానం ఉన్నవాళ్ళకు కూడా ఇలాంటి లెక్కే. మనిషి ఒక రాష్ట్రంలో ఉండి విమానాన్ని పక్క రాష్ట్రపు హ్యాంగర్‌లో పెట్టుకుంటే, యజమాని ఇంటి అడ్రసు కన్నా విమానం అలవాటుగా ఉండే చోటుకే విలువ ఎక్కువ. కాలిఫోర్నియాలో జనవరి 1న లెక్క కట్టి, విమానం మామూలుగా ఏ కౌంటీలో ఉంటుందో అక్కడే పన్ను వేస్తారు. విమాన కంపెనీల విషయంలో ఈ వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. 1944లో నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ కేసులో, కంపెనీ సొంత రాష్ట్రమైన మిన్నెసోటా మొత్తం విమానాల మీద పన్ను వేయవచ్చని ఒక్క ఓటు తేడాతో తీర్పు వచ్చింది. పదేళ్ళు తిరిగేసరికి, 1954లో బ్రానిఫ్ ఎయిర్‌వేస్ కేసులో, ఆ కంపెనీకి సొంతిల్లు కాని నెబ్రాస్కా కూడా తన నేల మీద విమానాలు రోజూ దిగి ఎగురుతున్న మేరకు ఒక వాటా వేసుకోవచ్చని తేల్చారు. వాటా అన్న మాట గమనించండి. బండి రెండు చోట్ల తిరిగితే పన్ను రెండు చోట్లకు పంచాలి. ఇద్దరూ నిండుగా వసూలు చేసుకోవడం న్యాయం కాదు.

ఇక మన దేశంలో విమానం సంగతి చూడండి. ఉదాహరణకు విశాఖపట్నంలో ఉండే ఒక శ్రీమంతుడు సొంతానికి చిన్న జెట్ కొని బేగంపేటలో నిలిపి ఉంచుకున్నాడనుకుందాం. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు మారిన తర్వాత బేగంపేట ఎక్కువగా ఇలాంటి రాకపోకలకే మిగిలింది. ఆ జెట్ ఏడాది పొడుగునా అక్కడే ఉన్నా, 'నువ్వు పన్నెండు నెలలు దాటావు, నంబరు మార్చుకో' అని తెలంగాణ అడగదు. 'యజమాని మావాడు' అని ఆంధ్రప్రదేశ్ అడగదు. దాని నంబరు వీటీ అక్షరాలతో మొదలవుతుంది. అది దేశం నంబరు, ఏ రాష్ట్రానిదీ కాదు. రిజిస్ట్రేషన్ ఇచ్చేది ఢిల్లీలోని పౌర విమానయాన డైరెక్టరేట్. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలోని 57వ పద్దు రాష్ట్రాలకు ఇచ్చిన అధికారం రోడ్డు మీద నడిచే వాహనాల మీదే. ఆకాశంలో తిరిగేది ఆ పద్దులోకి రాదు.

ఒకప్పుడు కేంద్రానికైనా కట్టేవాళ్ళు. 1957 నాటి సంపద పన్ను చట్టం కింద సొంత వాడకానికి ఉన్న విమానం, విహార నౌక, కారు, నగలు లాంటివన్నీ లెక్కకు వచ్చేవి. నికర సంపద ముప్పై లక్షలు దాటితే పైదాని మీద ఒక శాతం. 2015 బడ్జెట్‌లో అరుణ్ జైట్లీ గారు ఆ పన్నును తీసేశారు. 2013-14లో దేశం మొత్తం మీద వచ్చింది 1,008 కోట్లే, వసూలు ఖర్చే ఎక్కువ అన్నారు. బదులుగా కోటి దాటిన ఆదాయం మీద రెండు శాతం అదనపు సర్‌చార్జి వేశారు. సొంత విమానం కొనేటప్పుడు జీఎస్టీ భారీగానే ఉందని ఒప్పుకుంటాను. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం. కానీ కొన్న తర్వాత దాన్ని ఏ రాష్ట్రంలో ఉంచుకున్నా, ఉంచుకున్నందుకని ఏ రాష్ట్రమూ పన్ను అడగదు. గుండాల కుర్రాడి బండి రెండు కిలోమీటర్లు అటు జరిగినందుకు రాష్ట్రం పన్ను అడిగింది. దీన్ని మీరు న్యాయం అనగలరా?

ఒకే దేశం, ఒకే నంబరు అన్న సౌకర్యం రోడ్డు బండ్లకూ ఉంది, కాకపోతే కొందరికే. 2021 సెప్టెంబరు 15 నుంచి కేంద్రం భారత్ సిరీస్ తెచ్చింది. బీహెచ్ అక్షరాలున్న ఆ నంబరు ఉంటే రాష్ట్రం మారినా మళ్ళీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, పన్ను రెండేళ్ళకోసారి కట్టుకుంటూ పోవచ్చు. అది ఎవరికి? సైన్యంలో, ప్రభుత్వాల్లో, ప్రభుత్వ రంగ సంస్థల్లో పనిచేసేవాళ్ళకు, నాలుగు లేదా అంతకు మించిన రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకు. అయిదేళ్ళకోసారి బదిలీ అయ్యే ఆఫీసరు బండి కష్టం ఢిల్లీకి అర్థమైంది, మంచిదే. రోజూ రాష్ట్రం దాటి కూలికి పోయేవాడి బండి కష్టం అంతకంటే చిన్నదా?

పన్ను దేనికి కడుతున్నాం అన్నదానికి జవాబు మన దగ్గరే ఈమధ్య దొరికింది. విశాఖ ఉక్కు కర్మాగారం లోపల మాత్రమే తిరిగిన లారీలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మోటారు వాహన పన్ను వసూలు చేసింది. లారీల యజమాని అయిన కంపెనీ సుప్రీంకోర్టుకు పోయింది. 2025 ఆగస్టు 29న తీర్పు వచ్చింది. ఈ పన్ను ప్రజల రోడ్డు వాడుకున్నందుకు కట్టేది, గోడల లోపల తిరిగి రోడ్డు ఎక్కని బండికి ఆ పన్ను లేదు అని కోర్టు తేల్చింది. 1974లో ఒడిశాకు చెందిన బొలానీ గనుల కేసులో చెప్పిన దారే ఇది. ఆ సూత్రాన్ని మా రోడ్డు మీద పెట్టి చూడండి. ఎటపాక బండి తన జీవితంలో సగం తెలంగాణ రోడ్డు మీద నడుస్తుంది. దుమ్ముగూడెం బండి ఆంధ్రా రోడ్డు ఎక్కనిదే భద్రాచలం చేరలేదు. రెండు రాష్ట్రాలూ రోడ్డు ఇస్తున్నాయి, బండి ఒక్కసారి నిండుగా పన్ను కట్టింది. ఆ కట్టినదాన్ని పంచుకోవలసింది రెండు ఖజానాలు. పంచుకోవడం కష్టమని రెండోసారి కుర్రాడి జేబులో చేయి పెట్టడం ఏం పద్ధతి?

కదలని ఆస్తికైతే ఈ గొడవ లేదు. భద్రాచలం దేవస్థానం తెలంగాణలో ఉంది, దాని భూమి దాదాపు 890 ఎకరాలు పురుషోత్తమపట్నంలో, అంటే ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఆ భూమి ఆక్రమణలపై పోరాడాలంటే దేవస్థానం ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు, అక్కడి రెవెన్యూకు, అక్కడి పోలీసులకు పోవలసిందే. అందులో కష్టం చాలా ఉంది, 2025 జూలైలో దేవస్థానం ఈవో మీద అక్కడే దాడి జరిగింది కూడా. కానీ ఏ చట్టం వర్తిస్తుందో మాత్రం అనుమానం లేదు. నేల ఎక్కడ ఉంటే చట్టం అక్కడిది. బండికి అలా చెప్పలేం. అందుకే దానికి విడిగా ఒక నియమం కావాలి.

ఆ నియమం కోసం కొత్తగా ఏదో కనిపెట్టమని అడగడం లేదు. 1988 చట్టంలోనే దారి ఉంది. పర్మిట్ల గురించిన 88వ సెక్షన్ తీసి చూడండి. ఒక దారి మొదలయ్యే చోటూ ముగిసే చోటూ ఒకే రాష్ట్రంలో ఉండి, మధ్యలో కొంత భాగం పక్క రాష్ట్రంలో పడితే, ఆ భాగం పదహారు కిలోమీటర్లు దాటనంతవరకు మొదటి రాష్ట్రం పర్మిటే అక్కడా చెల్లుతుంది. పక్క రాష్ట్రం సంతకం అక్కర్లేదు. భద్రాచలం నుంచి ఎటపాక మీదుగా దుమ్ముగూడెం పోయే దారి అచ్చంగా ఇదే. ఈ సంగతి మా ఆటో డ్రైవర్లలో ఎంతమందికి తెలుసు? నేను అడిగినవాళ్ళలో ఒక్కరికీ తెలియదు. తెలియదు గనుక ఆపినప్పుడు వాదించరు, ఎంతో కొంత చేతిలో పెట్టి బయటపడతారు. ఎటపాకలో, భద్రాచలం బస్టాండులో, దుమ్ముగూడెం సెంటర్లో ఆ సెక్షన్‌ను తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు రాయించండి. దీనికి మంత్రివర్గం కూడా కూర్చోనక్కర్లేదు.

పర్మిటుకు పదహారు కిలోమీటర్ల దయ చూపిన చట్టం, పన్ను దగ్గర మాత్రం అలాంటిదేమీ చెప్పలేదు. ఆ లోటు మీరు పూడ్చగలరు. రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తున్నది ఒకే పాత చట్టం, 1963 నాటి ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల పన్నుల చట్టం. తెలంగాణ దాన్నే తన పేరు పెట్టి తీసుకుంది. అందులో 9వ సెక్షన్ కింద ఒక తరగతి వాహనాలకు పన్ను మినహాయించే, తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఒక జీవో చాలు. ఎటపాక, చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు అటు. భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల, బూర్గంపాడు, అశ్వాపురం, అశ్వారావుపేట, దమ్మపేట ఇటు. ఈ మండలాల్లో ఇల్లు ఉన్న మనిషి పేరు మీద ఉన్న సొంత బండికి ఏదో ఒక రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ కట్టి ఉంటే, ఈ మండలాల పరిధిలో ఎన్నాళ్ళు ఉంచుకున్నా రెండో రాష్ట్రం పన్ను అడగదని మీరిద్దరూ ఒకే రోజు జీవోలు ఇవ్వండి. 47వ సెక్షన్ కేంద్ర చట్టం గనుక నంబరు మార్చుకోవాలన్న నియమం ఉంటే ఉండనివ్వండి. నంబరు మారినా పన్ను మళ్ళీ పడదంటే మా వాళ్ళ భయం చాలావరకు తీరుతుంది. ఎన్వోసీ దరఖాస్తు తీసుకునే పని నెలకోసారి భద్రాచలంలోనే, రెండు రాష్ట్రాల ఉద్యోగులు పక్కపక్కన కూర్చుని చేస్తే ఇంకా మేలు.

దీనికి మీ అధికారులు ఏమంటారో నాకు తెలుసు. సందు ఇస్తే పెద్దవాళ్ళు దూరతారంటారు. ఆ భయం నిజమే. కేరళ శ్రీమంతులు పుదుచ్చేరిలో దొంగ అడ్రసులతో ఖరీదైన కార్లు రిజిస్టర్ చేయించి లక్షల పన్ను ఎగవేసిన సంగతి 2017లో బయటపడింది. మన ప్రైవేటు ట్రావెల్స్ బస్సులు నాగాలాండ్, అరుణాచల్ నంబర్లతో హైదరాబాద్, విజయవాడ రోడ్ల మీద తిరగడం అందరూ చూస్తున్నదే. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర కాలిపోయిన బస్సుకు ఉన్నది దమణ్ దీవ్ నంబరు. పంతొమ్మిది మంది ప్రయాణికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అలాంటి వాళ్ళను వెతికి పట్టుకోండి, మేమూ మీ వెంట ఉంటాం. నేను అడుగుతున్నది ద్విచక్ర వాహనానికి, ఇంట్లో వాడుకునే ఒక్క చిన్న కారుకు. రేషన్ కార్డు మీదో ఆధార్ మీదో ఆ మండలం పేరు ఉండాలి. పది లక్షలు దాటిన కారుకు వద్దనండి, ఒప్పుకుంటాం. వేలేరుపాడు మనిషి పన్ను ఎగ్గొట్టడానికి రాష్ట్రం మారలేదు. తన ఊళ్ళో తన ఇంట్లోనే ఉండగా రాష్ట్రమే మారిపోయింది.

ఆదాయం పోతుందన్న మాట కూడా వస్తుంది. ఇలాంటి చోట ఎంత పోతుందో లెక్క తీయించి జనానికి చెప్పండి. మీ శాఖల కంప్యూటర్లలో ప్రతి బండి వివరమూ ఉండనే ఉంది. తెలంగాణ వచ్చిన కొత్తలో ఆటోలకు రవాణా పన్ను తీసేశారు, ఖజానా కూలిపోలేదు. 2025 అక్టోబరులో తెలంగాణ రవాణా శాఖ చెక్‌పోస్టులన్నీ ఎత్తేసింది, అది మంచి పని, పొన్నం ప్రభాకర్ గారికి అందుకు మా ధన్యవాదాలు. రోడ్డు మీద అడ్డుకర్ర తీసేసినా జీవోల్లో అడ్డుకర్ర ఉంటే లాభం లేదు.

2015 ఏప్రిల్‌లో ఏం జరిగిందో మీకు గుర్తు చేయాలి. ఉమ్మడి రాష్ట్రపు పర్మిట్లు గడువు వరకు చెల్లుతాయని పునర్విభజన చట్టం చెప్పినా, ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రా వాహనాల నుంచి తెలంగాణ పన్ను వసూలు మొదలుపెట్టింది. నెల తిరగకముందే ఆంధ్రప్రదేశ్ అదే పని చేసింది. దెబ్బకు దెబ్బ. ఆ రోజుల్లో సరిహద్దులో లారీ డ్రైవర్లు లైన్లు కట్టి నిలబడ్డారు. కర్ణాటక 2014లో, బయటి బండి ముప్పై రోజులు ఉంటే జీవితకాలపు పన్ను కట్టాలని చట్టం చేస్తే, బెంగళూరులో మన తెలుగు పిల్లలు ఎంత అల్లాడారో మీకు తెలుసు. 2016లో అక్కడి హైకోర్టు అది చెల్లదంది. ఇలా కోర్టులు చెప్పేదాకా ఆగడం ఎందుకు? మీరిద్దరూ ఒకే భాష మాట్లాడేవాళ్ళు, ఒకే పాత చట్టాన్ని వాడుకుంటున్నవాళ్ళు. ఒక మధ్యాహ్నం కూర్చుంటే తేలిపోయే పని ఇది.

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 తర్వాత అంత నీళ్ళు మేం చూడలేదు. కూనవరం, వరరామచంద్రపురం, ఎటపాక ఊళ్ళు మునిగితే, తెలంగాణ ట్రాక్టర్లు అటు పోయి మనుషులను ఎక్కించుకున్నాయి, ఆంధ్రా ఆటోలు ముసలివాళ్ళను భద్రాచలం చేర్చాయి. ప్లేటు మీద ఏముందని ఎవరూ చూడలేదు. వరద రోజుల్లో చెల్లిన బండి మామూలు రోజుల్లోనూ చెల్లాలి.

అందుకని మా మనవి ఇది. ఇద్దరూ ఒకసారి భద్రాచలం రండి. ఆర్భాటం వద్దు, బండి మీద వంతెన దాటి, ఎటపాక మీదుగా పర్ణశాల దాకా వెళ్ళి రండి. సాయంత్రం ఏదో ఒక రాష్ట్రపు అతిథి గృహంలో కూర్చుని 9వ సెక్షన్ కింద రెండు జీవోలు రాయించండి. పదహారు కిలోమీటర్ల సంగతి బోర్డుల మీద పెట్టించండి. సొంత విమానాల మీద రాష్ట్రాలకూ ఒక వాటా ఉండాలన్న మాటను దక్షిణ ప్రాంతీయ మండలిలో మీ ముఖ్యమంత్రుల చేత ఎత్తించండి. ఆ వాటా ఎప్పటికి వస్తుందో రాదో, మా ద్విచక్ర వాహనాల జీవోలు మాత్రం వచ్చే తునికాకు కోత మొదలయ్యేలోపు రావాలి. అప్పుడే మా జనం బండ్ల మీద ఎక్కువగా తిరిగేది, ఆపితే ఎక్కువగా నష్టపోయేది.

మీ ఇద్దరి జవాబు కోసం ఎదురుచూస్తూ,

భద్రాచలం నుంచి,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు